రైడింగ్ మోవర్ ఇరవై నిమిషాలకే ఆగిపోతోందా? కాయిల్ కొనేముందు ఈ పరీక్షలు చేయండి

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. అమెరికాలో షార్లెట్ శివార్లలో ఇల్లు, ముప్పాతిక ఎకరం పచ్చిక. 42 అంగుళాల డెక్ (బ్లేళ్లుండే కింది తొడుగు), ఒకే సిలిండరు ఇంజన్ ఉన్న రైడింగ్ మోవర్, అంటే మీద కూర్చుని నడుపుతూ పచ్చిక కోసే బండి, కొని ఏడేళ్లయింది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, ఇరవై నిమిషాలు చక్కగా కోస్తుంది, ఆపైన తాళం తిప్పేసినట్టు టక్కున ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది, కానీ ఈసారి పది నిమిషాలకే ఆగుతుంది. ప్లగ్ మార్చారు, బ్యాటరీ మార్చారు, తేడా లేదు. షాపులో వైరింగ్ అంతా మార్చాలన్నారు. ఇది ఎలక్ట్రికల్ లోపమేనా, ఇంట్లోనే కనుక్కోవచ్చా అని అడిగారు.

కనుక్కోవచ్చు. మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ప్లగ్ దగ్గర పెట్టే స్పార్క్ టెస్టర్ ఉంటే చాలు. మూడూ ఏ ఆటో పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. మీరు చెప్పిన లక్షణాలకు నా మొదటి అనుమానం వేడెక్కాక పనిచేయడం మానేసే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి స్పార్క్ ఇచ్చే చుట్ట) మీద, రెండోది ఎక్కడో బాడీకి తగులుతున్న కిల్ వైరు (ఇంజన్‌ని ఆపే వైరు) మీద. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి ఇంజన్ దగ్గర ఒక్క వైరు ఊడదీసి నడిపి చూడాలి. ఆ పరీక్ష చేయకుండా కాయిల్ కొనొద్దు, వైరింగ్ మార్చడానికి అసలే ఒప్పుకోవద్దు. ఒహాయోలో ఇలాంటి బండ్లు రిపేరు చేయడమే నా పని. వైరింగ్ మొత్తం మార్చాల్సినంతగా పాడైన మోవర్ నా దగ్గరకు రావడం అరుదు. తొంభై పాళ్లు ఒక స్విచ్చో, ఒక కనెక్టరో, రెండంగుళాల వైరు ముక్కో ఉంటుంది.

ముందు ఈ ఇంజన్‌కి స్పార్క్ ఎక్కడినుంచి వస్తుందో తెలియాలి, లేకపోతే మీటరు పట్టుకుని తప్పు చోట వెతుకుతాం. మీరు బ్యాటరీ మార్చారంటే బ్యాటరీనుంచే స్పార్క్ వస్తుందనుకున్నారన్నమాట. కారులో అంతే. ఈ ఇంజన్లలో కాదు. మన ఊళ్లలో తిరిగిన టీవీఎస్ 50 గుర్తుందా? దానికి బ్యాటరీయే లేదు, అయినా పెడల్ తొక్కితే స్టార్ట్ అయ్యేది. ఫ్లైవీల్‌లో అయస్కాంతం, దాని పక్కన కాయిల్. చక్రం తిరిగితే స్పార్క్ పుడుతుంది. మీ మోవర్ ఇంజన్ కూడా అలాంటిదే. బ్యాటరీ చేసే పని సెల్ఫ్ మోటారు తిప్పడం, కార్బురేటర్ కింద ఉండే ఫ్యూయల్ సోలినాయిడ్‌ని (పెట్రోలు దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) తెరిచి ఉంచడం, ఎలక్ట్రిక్ క్లచ్ ఉంటే బ్లేళ్లు పట్టించడం.

మరి తాళం తిప్పితే ఇంజన్ ఎలా ఆగుతుంది? కాయిల్‌నుంచి ఒక సన్నని వైరు తాళం దాకా వస్తుంది. అదే కిల్ వైరు. తాళం ఆఫ్‌లో పెడితే ఆ వైరు బాడీ ఎర్త్‌కి కలుస్తుంది, కాయిల్ పని మానేస్తుంది. చాలా మోడళ్లలో సీటు స్విచ్, బ్రేక్ పెడల్ స్విచ్, బ్లేడ్ స్విచ్, రివర్స్ స్విచ్ అన్నీ ఇదే వైరుకి వేలాడుతూ ఉంటాయి. వాటిలో ఏది ‘ఇది ప్రమాదం’ అనుకున్నా చేసే పని ఒక్కటే, ఆ వైరుని బాడీకి కలపడం. అంటే ఇక్కడ వైరు తెగితే ఇంజన్ ఆగదు, వైరు బాడీకి తగిలితే ఆగుతుంది. ఇంట్లో వైరింగ్ చూసిన అలవాటుతో చాలామంది తెగిన వైరు కోసమే వెతుకుతారు. చూడాల్సింది ఒరుసుకుపోయిన వైరు.

ఫ్యూయల్ సోలినాయిడ్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. దానికి 12 వోల్టులు అందుతున్నంతసేపే పెట్రోలు దారి తెరుచుకుని ఉంటుంది. ఫ్యూజ్ హోల్డర్ లూజైనా, తాళం వెనక టెర్మినల్ కాలినా సప్లై పోతుంది, పెట్రోలు ఆగుతుంది. ఇక్కడ తెగిన వైరే దోషి. ఒకే బండిలో రెండు రకాల సర్క్యూట్లు, ఒకటి తగిలితే చంపేది, ఒకటి తెగితే చంపేది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంజన్ ఏ తీరున ఆగుతోందో గమనించండి. స్పార్క్ పోతే ఒక్క దెబ్బకి ఆగుతుంది, దగ్గు, తడబాటు ఏమీ ఉండవు. పెట్రోలు ఆగితే కార్బురేటర్ గిన్నెలోంచి జెట్ దాకా వచ్చిన కాస్త చుక్క అయిపోయేదాకా ఒకటి రెండు సెకన్లు నడుస్తుంది, గొంతు తగ్గుతూ ఆగుతుంది, ఒక్కోసారి పైకీ కిందికీ ఊగుతుంది. మీరు ‘తాళం తిప్పేసినట్టు’ అని రాశారు. ఆ మాట నిజమైతే అది స్పార్క్ వైపు చూపిస్తోంది. కానీ బ్లేళ్ల మోతలో ఈ తేడా సరిగా వినిపించదు, అందుకే బ్లేళ్లు ఆపేసి ఒకసారి వినమంటున్నాను.

బండిని గరాజ్‌లో కాదు, బయట డ్రైవ్‌వేలో సమంగా ఉన్నచోట పెట్టండి. మూసిన గదిలో ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది, తలుపు తెరిచి ఉందిలే అనుకోవద్దు. పార్కింగ్ బ్రేక్ వేసి, బ్లేళ్లు ఆఫ్‌లో ఉంచి, ఫుల్ థ్రాటిల్‌లో అరగంట నడవనివ్వండి. కోత భారం లేదు గనుక వేడెక్కడానికి ఇంకాస్త సేపు పట్టొచ్చు, ఓపిక పట్టండి. అలా కదలకుండా నిలబెట్టినా ఆగిపోతే సీటు స్విచ్‌నీ, గతుకుల్నీ, మలుపుల్నీ చాలావరకు పక్కన పెట్టేయొచ్చు. బ్రేక్ వేసి బ్లేళ్లు ఆపి ఉంటే చాలా మోడళ్లలో సీటు మీద మనిషి లేకపోయినా ఇంజన్ నడవాలి. నిలబెడితే హాయిగా నడిచి, పచ్చికలోకి వెళ్తేనే ఆగుతుంటే దారి వేరు, దానికి కింద వస్తాను.

ఇదే సమయంలో పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆగిన వెంటనే, అంటే ఆ క్షణంలోనే, పెట్రోలు ట్యాంకు మూత వదులు చేయండి. గాలి లోపలికి పీల్చిన చప్పుడొచ్చి, వెంటనే సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులో గాలి పీడనం తగ్గుతుంది, ఇరవై నిమిషాలకు ధార ఆగిపోతుంది, పావుగంట వదిలేస్తే గాలి మెల్లగా ఎక్కి మళ్లీ సర్దుకుంటుంది. కాయిల్ లోపానికి అచ్చం ఇదే టైమింగ్, అందుకే కొత్త కాయిల్ వేశాక కూడా తగ్గలేదని బండి తెచ్చేవాళ్లుంటారు. అన్నట్టు, మీరు పోసే పెట్రోలు 10 శాతం ఇథనాల్ దాటకూడదు. ఇప్పుడు కొన్ని బంకుల్లో 15 శాతం ఇథనాల్ కలిపింది కాస్త తక్కువ ధరకి అమ్ముతున్నారు, అది ఈ చిన్న ఇంజన్లకి కాదు.

మూత సంగతి తేలాక అసలు పనిలోకి దిగుదాం. ఇంజన్ ఆగిపోయి, మీరు దిగి, టూల్స్ తెచ్చుకుని, హుడ్ ఎత్తేసరికి కాయిల్ చల్లబడుతుంది, లూజ్ కాంటాక్ట్ మళ్లీ కలుస్తుంది. అప్పుడు ఏ పరీక్ష చేసినా అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. కాబట్టి పరీక్ష సరంజామా ముందే తగిలించి ఉంచాలి. నేను చేసే పద్ధతి చెప్తాను. టెస్ట్ ల్యాంప్‌కి పొడుగాటి వైరు కట్టి, దాని మొనని ఫ్యూయల్ సోలినాయిడ్ వైరు కనెక్టరులోకి వెనకనుంచి గుచ్చుతాను, రెండో చివర బ్యాటరీ నెగటివ్‌కి. బల్బుని స్టీరింగ్ దగ్గర నా కంటికి ఎదురుగా టేపు వేసి అంటిస్తాను. వైర్లు వేడి సైలెన్సర్‌కీ తిరిగే బెల్టుకీ దూరంగా ఉండేలా కట్టండి. తాళం ఆన్‌లో ఉన్నంతసేపు ఆ బల్బు వెలగాలి. ప్లగ్‌కీ దాని క్యాప్‌కీ మధ్య స్పార్క్ టెస్టర్ పెట్టండి, ఎండలో దాని మెరుపు కనబడదు కాబట్టి సాయంత్రం పూట చేయడం మేలు.

ఇంజన్ ఆగగానే తాళం ముట్టుకోకుండా బల్బు చూడండి. బల్బు ఆరిపోయి ఉంటే లోపం 12 వోల్టుల వైపు ఉంది. ఫ్యూజ్, ఫ్యూజ్ హోల్డర్, తాళం, మధ్యలోని కనెక్టర్లు చూడాలి. బల్బు వెలుగుతూనే ఉంటే వెంటనే సెల్ఫ్ కొట్టి స్పార్క్ టెస్టర్ వైపు చూడండి. మెరుపు లేకపోతే కాయిల్ లేదా కిల్ వైరు. మెరుపూ ఉంది, బల్బూ వెలుగుతోంది అంటే పెట్రోలు దారి చూడాలి, వేడికి లోపలి చుట్ట తెగే సోలినాయిడ్‌తో సహా. కొన్ని మోడళ్లలో సీటు స్విచ్ ఒకేసారి సోలినాయిడ్ సప్లై కట్ చేసి కిల్ వైరుని కూడా బాడీకి కలుపుతుంది. రెండూ ఒక్కసారే పోతే అటువైపు అనుమానించండి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పరీక్ష. ఇంజన్‌నుంచి బండిలోకి వెళ్లే కిల్ వైరుకి ఇంజన్ పక్కనే ఒక కనెక్టర్ ఉంటుంది. రంగు కంపెనీనిబట్టి మారుతుంది, కాయిల్ నుంచి వెంబడించి పట్టుకోవడమే నమ్మకం. దాన్ని ఊడదీసి ఇంజన్ నడపండి. మళ్లీ ఇరవై నిమిషాలకు ఆగిపోయి, ఆ క్షణంలో స్పార్క్ లేకపోతే బండి వైరింగ్‌తో సంబంధం లేదు, కాయిలే. ఆగకుండా గంటసేపు నడిచిందంటే కాయిల్ నిర్దోషి, లోపం వైరింగ్‌లోనో స్విచ్చుల్లోనో ఉంది.

ఈ పరీక్షకి ముందు మూడు జాగ్రత్తలు.

ఒకటి, కిల్ వైరు ఊడదీస్తే తాళం తిప్పినా స్పార్క్ ఆగదు, సేఫ్టీ స్విచ్చులేవీ పనిచేయకపోవచ్చు. కాబట్టి బండి కదలకూడదు, బ్లేళ్లు పెట్టకూడదు, దగ్గర పిల్లలు ఉండకూడదు. సోలినాయిడ్ ఉన్న ఇంజన్ అయితే తాళం ఆపగానే పెట్రోలు అందక కొద్ది క్షణాల్లో ఆగుతుంది. లేనిదైతే ముందే ఒక వైరు ముక్కకి రెండు వైపులా మొసలి క్లిప్పులు పెట్టి, ఒకటి ఇంజన్ వైపు కిల్ టెర్మినల్‌కి తగిలించి ఉంచండి, రెండోది ఇంజన్ ఒంటికి తాకిస్తే ఆగుతుంది. ప్లాస్టిక్ పట్టుకునే తాకించండి, ఆ వైరులో షాక్ ఉంటుంది.

రెండు, కిల్ వైరుకి ఎప్పుడూ 12 వోల్టులు ఇవ్వొద్దు. వస్తోందో లేదో చూద్దామని బ్యాటరీ పాజిటివ్ తాకిస్తే మంచి కాయిల్ కూడా అక్కడికక్కడే పోతుంది.

మూడు, పరీక్ష అయిపోగానే కనెక్టర్ మళ్లీ పెట్టేయండి. మరిచిపోయి కోతకి వెళ్లొద్దు.

కాయిలే అని తేలితే పని సులువు. పాతదాన్ని మీటరుతో ఓమ్స్ చూసి మంచిదీ చెడ్డదీ నిర్ణయించొద్దు. ఈ కాయిళ్ల లోపల ఎలక్ట్రానిక్ భాగాలుంటాయి, చల్లగా ఉన్నప్పుడు అంకెలన్నీ బాగానే వస్తాయి. కొత్తది బిగించేటప్పుడు ఫ్లైవీల్‌కీ కాయిల్ కాళ్లకీ మధ్య సందు చాలా ఇంజన్లలో అంగుళంలో వెయ్యోవంతులు 10, అంటే పావు మిల్లీమీటరు. ఫ్లైవీల్‌ని తిప్పి అయస్కాంతం కాయిల్ ఎదురుగా తెచ్చి, మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతం లాక్కున్న చోటే బోల్టులు బిగిస్తే సరిపోతుంది. మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు) వాడండి.

కాయిల్ మార్చేటప్పుడు ఎలాగూ ఇంజన్ మీది తొడుగు విప్పుతారు కదా, అప్పుడు ఆ కాయిల్ ఎందుకు ఉడికిందో కూడా చూడండి. గత వేసవి ఒకాయన మీలాగే ‘వేడెక్కితే ఆగుతోంది’ అని తెచ్చారు. అంతకుముందే వేరేచోట కొత్త కాయిల్ వేయించారట, ఒక సీజన్ తిరగకుండా అదీ పోయింది. తొడుగు విప్పితే సిలిండరు రెక్కల మీద ఎలుక గూడు. చలికాలమంతా షెడ్డులో ఉన్నప్పుడు కట్టింది, ఎండు గడ్డి, సీటు కింది స్పాంజి ముక్కలు, చిరిగిన కాగితం అన్నీ కలిపి పరుపులా అదిమి ఉంది. కాయిల్ వైపు సగం గూడు కాలి నల్లబడింది. ఫ్యాన్ ఎంత గాలి తోసినా రెక్కల సందుల్లోకి వెళ్లే దారే లేదు. అది తీసి, రెక్కల మధ్య పుల్లతో గీకి, గాలి కొట్టి, కాయిల్ వేశాక ఈ సీజన్ అంతా బాగా నడుస్తోంది. ఎలుకలు గూడు కట్టిన చోట వైర్లు కూడా కొరుకుతాయి, అది కూడా చూడండి.

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. మీది రెండు సిలిండర్ల ఇంజన్ అయితే ఈ లెక్క మారుతుంది. సిలిండరుకో కాయిల్ ఉంటుంది. ఒకటి పోతే ఇంజన్ ఆగదు, బలం తగ్గి ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. రెండు కాయిళ్లు ఒకే క్షణంలో పోవడం జరిగే పని కాదు. కాబట్టి రెండు సిలిండర్ల ఇంజన్ టక్కున ఆగితే కాయిళ్ల జోలికి పోకుండా ముందు కిల్ వైరూ, సప్లై చూడండి. వాటి కిల్ వైరులో చాలాసార్లు డయోడ్లు (కరెంటుని ఒకే వైపు వదిలేవి) కూడా ఉంటాయి, ఒక కాయిల్ ఇంకోదాన్ని పాడుచేయకుండా. డయోడ్ పాడైతే ఒక సిలిండరు మంటలేకపోవడం, తాళం ఆపినా ఇంజన్ సరిగా ఆగకపోవడం లాంటి వింతలు వస్తాయి.

కాయిల్ నిర్దోషి అని తేలితే వైరింగ్ వేట. ఇక్కడ ఇంజన్ నడపనక్కర్లేదు, అదే దీనిలో సుఖం. ఇంజన్ దగ్గర కిల్ కనెక్టర్ ఊడదీసే ఉంచి, బండి వైపు కొనకీ ఇంజన్ ఒంటికీ మధ్య మల్టీమీటర్ని ఓమ్స్‌లో, బీప్ వచ్చే స్థానంలో పెట్టండి. తాళం ఆఫ్‌లో ఉంటే బీప్ రావాలి, అంటే వైరు బాడీకి కలిసి ఉంది. మీరు సీటు మీద కూర్చుని, తాళాన్ని స్టార్ట్ దాకా తిప్పకుండా ఆన్‌లో పెడితే బీప్ రాకూడదు. ఇప్పుడు ఇంకొకర్ని మీటరు దగ్గర నిలబెట్టి, మీరు సీటులో అటూ ఇటూ కదలండి, బ్రేక్ తొక్కి వదలండి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి, వైర్ల కట్టని చేత్తో అంగుళం అంగుళం కదపండి. ఏ చోట బీప్ మోగితే దొంగ అక్కడే. రివర్స్ స్థానంలోనూ బ్లేళ్లు ఆన్ చేసినప్పుడూ బీప్ రావడం కొన్ని కలయికల్లో మామూలే, దాన్ని లోపం అనుకోకండి.

వైరు ఎక్కడ ఒరుసుకుంటుంది అంటే, నేను వరసగా చూసే చోట్లు ఇవి: సీటు కింద స్ప్రింగ్ పక్కన, స్టీరింగ్ కడ్డీ దగ్గర, హుడ్ మూసినప్పుడు నలిగే అంచు, సైలెన్సర్‌కి దగ్గరగా వెళ్లే ముక్క. సీటు కింద అయితే చాలా తరచు. ఒక బండిలో యజమాని కూర్చుంటే ఆగేది, ఆవిడ భర్త కూర్చుంటే ఆగేది కాదు. సీటు ఎత్తి చూస్తే స్ప్రింగ్ తాకే చోట వైరు తొడుగు గోరంత మేర అరిగిపోయి లోపల రాగి తీగలు కనిపిస్తున్నాయి, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆవిడ సీటు ముందుకి జరుపుకుంటారు. అలా జరిపిన స్థానంలో గతుకు మీద ఊగినప్పుడే ఆ రాగి స్ప్రింగ్‌కి తగులుతోంది. కొత్త సీటు స్విచ్ అప్పటికే వేసి ఉన్నారు, అది శుభ్రంగా పనిచేస్తోంది కూడా. ఆ ముక్క కత్తిరించి, కొత్త వైరు అతికి, మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, స్ప్రింగ్‌కి దూరంగా కట్టేస్తే అయిపోయింది. ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయొద్దు, ఎండకి జిగురు కారి ఊడిపోతుంది.

లోపం ఎప్పుడు వస్తోందన్నదాన్నిబట్టి కూడా చాలా తెలుస్తుంది. బ్రేక్ పెడల్ వదలగానే ఆగితే సీటు స్విచ్ సర్క్యూట్. బ్లేళ్లు పట్టించగానే ఆగితే మళ్లీ సీటు స్విచ్, లేదా క్లచ్ చుట్ట షార్ట్. ఎలక్ట్రిక్ క్లచ్ చుట్ట సాధారణంగా 2.5 నుంచి 4 ఓమ్స్ మధ్య ఉంటుంది, ఒక ఓమ్ కూడా చూపించకపోతే అదే ఫ్యూజ్‌ని తినేస్తోంది. వెనక్కి వెళ్తూ బ్లేళ్లు తిరుగుతుంటే ఆగితే చాలాసార్లు అది లోపమే కాదు. బండిని అలాగే తయారుచేశారు. బ్లేళ్లు తిరుగుతుండగానే వెనక్కి వెళ్లాలంటే జాన్ డీర్ వాటిలో డ్యాష్ మీద ఒక బటన్, కబ్ క్యాడెట్ వాటిలో తాళాన్ని ఇంకో స్థానానికి తిప్పడం, ఇలా కంపెనీకో పద్ధతి ఉంటుంది. మాన్యువల్ చదవక ‘రివర్స్‌లో ఆగుతోంది’ అని తెచ్చేవాళ్లు ప్రతి వసంతంలోనూ ఉంటారు.

సీటు స్విచ్ మంచిదో కాదో చూడాలని దాని కనెక్టర్ ఊడదీస్తే ఇంజన్ ఆగిపోయిందని కంగారుపడకండి. కొన్ని మోడళ్లలో ప్లగ్ తీయగానే లోపలి పట్టీ రెండు టెర్మినళ్లనీ కలిపేస్తుంది, ఎవరూ స్విచ్ తీసేసి నడపకూడదని. అందుకే స్విచ్చుని విడిగా మీటరుతోనే చూడాలి, నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఖచ్చితంగా తెరుచుకుని మూసుకుంటోందా అని.

12 వోల్టుల వైపు లోపం అని మీ బల్బు చెప్తే ఫ్యూజ్ ఒక్కటే కాదు, ఫ్యూజ్ కూర్చునే గూడు కూడా బయటకు లాగి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి, కాస్త కరిగి ఉంటే అక్కడ కాంటాక్ట్ వదులైంది. తాళం వెనక ‘బి’ అని రాసిన టెర్మినల్ బ్యాటరీనుంచి వచ్చేది, అది కాలడం మామూలే. తాళం మార్చాల్సి వస్తే మీ బండి పార్ట్ నంబరుదే తెచ్చుకోండి. చూడ్డానికి ఒకేలా ఉండి, కాళ్ల వరస వేరుగా ఉన్న తాళాలు బోలెడున్నాయి. తప్పు తాళం పెడితే కిల్ వైరు ఉండే ‘ఎం’ టెర్మినల్‌కి 12 వోల్టులు వెళ్లొచ్చు, ఇందాక చెప్పినట్టు కాయిల్ పోతుంది. అప్పుడు ఒక లోపంతో మొదలై రెండు లోపాలు పట్టుకుంటాయి.

చార్జింగ్ వ్యవస్థ మీ సమస్యకి కారణం కాదనుకుంటున్నాను, ఎందుకంటే పావుగంట తర్వాత సెల్ఫ్ బలంగానే కొడుతోందన్నారు. చార్జింగ్ లేక బ్యాటరీ దిగి ఇంజన్ ఆగితే అంతకుముందే బ్లేళ్ల క్లచ్ జారుతుంది, ఆపైన సెల్ఫ్ ‘టక్ టక్’ మనడం తప్ప తిరగదు. అయినా మీటరు చేతిలో ఉంది కాబట్టి చూసేయండి. ఆపి ఉంచితే 12.6 వోల్టులు, ఫుల్ థ్రాటిల్‌లో 13.5 నుంచి 14.7 మధ్య. 15 దాటితే రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచేది) పోయింది. అసలు పెరగకపోతే రెగ్యులేటర్ ఒళ్లు బిగించిన చోట తుప్పు గీకి చూడండి, చాలా ఇంజన్లలో దాని ఎర్త్ ఆ బోల్టులే. అలాగే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ ఒంటికీ మధ్య వోల్టేజ్ కొలిస్తే 0.2 వోల్టులు మించకూడదు. మించితే ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి.

సీటు స్విచ్‌ని శాశ్వతంగా బైపాస్ చేయొద్దు. యూట్యూబ్‌లో వైరు ముక్కతో కలిపేసి ‘ఇక హాయిగా నడుపుకోండి’ అని చూపించే వీడియోలు కొల్లలు. నా దగ్గరకు అలా కలిపిన బండి వస్తే ముందు అది తీసి స్విచ్ పెట్టాకే మిగతా పని మొదలెడతాను, ఒప్పుకోకపోతే పంపించేస్తాను. ఏటవాలు పచ్చిక మీద పక్కకి జారి పడినా, చెత్త తీయడానికి దిగినా, ఆ స్విచ్ ఒక్కటే మీకూ బ్లేడుకీ మధ్య ఉంది. రివర్స్ స్విచ్ సంగతి ఇంకా ముఖ్యం. వెనక్కి వస్తున్న మోవర్ కిందికి చిన్నపిల్లలు వచ్చే ప్రమాదాలు ఈ దేశంలో ఏటా జరుగుతున్నాయి. పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 16 ఏళ్లు నిండనివాళ్లు రైడింగ్ మోవర్ నడపకూడదని చెప్తుంది, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పవద్దని కూడా. మన ఇళ్లలో వేసవిలో ఊరినుంచి వచ్చిన తాతలు మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒక చుట్టు తిప్పుతుంటారు, ప్రేమతోనే. దయచేసి ఆపండి, వాళ్లకీ చెప్పండి.

డెక్ కింద చేయి పెట్టే పని ఏదున్నా ప్లగ్ క్యాప్ తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీశాకే. చేత్తో బ్లేడు తిప్పినా ఫ్లైవీల్ తిరిగి స్పార్క్ పుట్టే బండ్లు ఉన్నాయి.

శనివారం ఖాళీ ఉంటే ముందు మూత పరీక్ష, తర్వాత బల్బూ స్పార్క్ టెస్టరూ కట్టి నిలబెట్టి నడపడం, ఆ తర్వాత కిల్ వైరు ఊడదీసి నడపడం. అంతకుమించి ఏమీ కొనకండి, విప్పకండి. ఆగిన క్షణంలో బల్బు ఏ స్థితిలో ఉంది, మెరుపు ఉందా లేదా, కిల్ వైరు తీసినప్పుడు ఎంతసేపు నడిచింది, ఈ మూడూ ఇక్కడ రాయండి. వాటితోపాటు సీటు కింద ఉండే స్టిక్కర్ మీది మోడల్ నంబరు, ఇంజన్ తొడుగు మీద చెక్కి ఉన్న నంబరు కూడా పెడితే మీ బండి వైరింగ్ బొమ్మ చూసి ఏ కనెక్టరులో ఏ కాలు కొలవాలో చెప్తాను.